పొగగొట్టం మూత

ఆయన పోయిన వానాకాలంలో పోయారు. మా క్వార్టర్ల వరసలో ఎవరు పోయినా నాలుగు మంచి మాటలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. ఆయనకి పుట్టలేదు. శవాన్ని లేపేదాకా నిలబడ్డవాళ్ళు "పాపం, ఆ ఓడ రానేలేదు" అనుకుని ఎవరి డ్యూటీకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఆ మాట కూడా అనలేదు.

మొన్న స్మృతి నగర్‌లో తెలిసినవాళ్ళు ఇల్లు కట్టుకుని భోజనాలు పెట్టారు. డాబా మీద షామియానా వేశారు. అన్నం కలుపుకుంటూ ఉండగా ఒక్క విసురు గాలి వచ్చింది. ఆ గుడ్డ పొట్ట ఉబ్బించుకుని తాళ్ళని లాగింది. "అదుగో సూడు సెల్లెమ్మా, గాలి పట్టీసినాది" అని ఆయన గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. విస్తరి మడిచి లేచాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చింది ఆయన కోసమని మాత్రం చెప్పలేను.

పెళ్ళయి నేను విజయనగరం నుంచి భిలాయి వచ్చేసరికే ఆయన మా పక్క క్వార్టర్‌లో ఉన్నారు. ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని. ఆయనకి మా లైన్లో పేరుతో పని ఉండేది కాదు. తెలుగువాళ్ళకి ఓడాయన, తక్కినవాళ్ళకి జహాజ్‌వాలే బాబా. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. భార్య ఎప్పుడో పురిట్లోనే పోయిందట, మళ్ళీ చేసుకోలేదు. ఇంట్లో చెవుడున్న తల్లి, తమ్ముడి భార్య పైడమ్మ. ఆ తమ్ముడు ఓడ మీద పనివాడు. ఓడ మొదటిసారి సరుకెత్తుకుని బయల్దేరేటప్పుడు, కొత్త పెళ్ళాన్ని ఊళ్ళో ఒంటరిగా ఉంచలేక అన్నగారింటికి పంపాడు. వానలు తగ్గాక వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ ఏడు వానలు తగ్గాయి, మరుసటేడువీ తగ్గాయి. తమ్ముడూ రాలేదు, ఓడా రాలేదు. తుపానులో కొట్టుకుపోయి బర్మా ఒడ్డుకి చేరిందనీ, మనుషుల్ని అక్కడ జైల్లో పెట్టారనీ ఊళ్ళో ఒక మాట పుట్టింది. దాన్నే పట్టుకుని ఆ ఇల్లు నడిచేది.

ఆయన వింతలు ఒకటీ రెండూ కావు. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, చూపుడువేలు నోట్లో తడుపుకుని పైకెత్తేవారు. ఎటు తిప్పినా పొగ గొట్టాలు తప్ప ఏమీ కనపడని ఊళ్ళో, ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము తప్ప మరేదీ మోసుకురాని గాలిని, "తూరుపు గాలి, నేడు నడుస్తాది" అని మెచ్చుకునేవారు. సైకిలు మీద క్యాన్లు కట్టుకుని వచ్చే ఛత్తీస్‌గఢీ పాలవాడు రోజూ గంట కొట్టి, "క్యా బాబా, జహాజ్ ఆయా?" అని నవ్వేవాడు. ఓడ వచ్చిందా అని అడగడమన్నమాట. ఈయన కూడా నవ్వి, "ఆయేగా, ఆయేగా" అనేవారు. వస్తుంది, వస్తుంది. మాకు అదొక సుప్రభాతం.

ఆయన కూర్చోవడం కూడా ఒక తీరు. ముందుగదికీ లోపలిగదికీ మధ్య నీలం చీర చించి కట్టిన తెర ఉండేది. ఎప్పుడూ ఆ తెరకి వీపుపెట్టే కూర్చునేవారు. వాళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుటపడదు, ఆయనతో మాట్లాడదు. ఆయనా ఆవిణ్ణి పలకరించరు. అన్నం కంచం తెర ఇవతల పెట్టి గాజులు చప్పుడు చేసేది. ఆయన తిని కంచం అక్కడే ఉంచేవారు. ఉప్పు ఎక్కువైందని చెప్పాలంటే కూడా చెవిటి తల్లికి చెప్పేవారు. ఆవిడకి వినపడదు, వినవలసినవాళ్ళకి వినపడేది. పైడమ్మకి జ్వరమొస్తే మా ఇంటికొచ్చి, "సెల్లెమ్మా, లోపల ఎవురికో ఒళ్ళు కాలిపోతన్నాదిలాగుంది, డాట్రు కాడికి తీసుకెల్లు" అన్న మనిషి.

ఆ గదిలో కాలుపెట్టిన ప్రతివాడికీ ఓడ చరిత్ర వినిపించకుండా వదిలేవారు కాదు. కరెంటు బాగుచేయడానికి వచ్చినవాడికీ, చందా అడగడానికి వచ్చిన దుర్గాపూజ కుర్రాళ్ళకీ, తెలుగు అక్షరం ముక్క రాని సర్దార్జీకీ. నేను మొదటిసారి విన్నది అట్లకాడ అడగడానికి వెళ్ళినప్పుడు. పొయ్యి మీద పెనం పెట్టి వచ్చానన్నా వినలేదు.

"దాని పుటక ఇక్కడిది కాదు సెల్లెమ్మా. తెల్లోళ్ళ ఊర్లో ఎక్కడో కట్టి తోలీసినారు. ఇశాపట్నం హార్బర్లో టగ్గు. పెద్ద పెద్ద ఓడల్ని తాడేసి రేవులోకి లాక్కొచ్చీది. ఏదో ఇంగిలీసు పేరుండీది, మాకు నోరు తిరిగీది కాదు. నల్లగేదె అనీవోళ్ళం. దాని పొట్టలో బొగ్గేసీవోణ్ణి నాను. ఎంతేసినా తినీది. దాని అరుపు ఇనీసి మాయమ్మ పొయ్యి మీద అన్నం పడీసీది, కొడుకొస్తన్నాడని."

గేదె ముసలిదైంది. బాయిలరు కారడం మొదలుపెట్టింది. రేవుకి డీజిలువి కొత్తవి వచ్చాక దీన్ని వేలానికి పెట్టారు. భీమిలి వైపు ఉప్పు వర్తకుడు ఒకాయన పాడుకున్నాడు. ఇనుముకి కోసుకుంటాడని అంతా అనుకున్నారు. ఆయన బొగ్గు ఖర్చు లేకుండా తెరచాపలెత్తి ఉప్పు తోలుకుంటానన్నాడు.

"నవ్వీనారు సెల్లెమ్మా! గేదెకి రెక్కలు కడతాడంటరా బాబూ అని నవ్వీనారు. కట్టించీసినాడు. ఇంజను ఇప్పీసినాం. బాయిలరు పైకి లాగీసినాం. అంత బరువు తీసీస్తే ఓడ నిలబడదు గదా, కొండరాళ్ళు మోయించి ఆ గోతిలో పేర్చినాం. టేకు మానులు రెండు నిలబెట్టినారు. ఇసకలో కూకుని ఆడోళ్ళందరూ కేన్వాసు కుట్టినారు, మాయమ్మ కూడా కుట్టింది. మా తమ్ముడు మాను మీదకి ఉడతనాగ ఎక్కీవోడు. పొగగొట్టం కోసీసినారు. ఆ బొక్కకి మూత మట్టుకు నా సేతుల్తో సేసినాను. టేకు సెక్క, గుండ్రంగా, ఇంత మందం." అరచెయ్యి నిలబెట్టి చూపించేవారు. "తెల్ల రంగేసి, గంగమ్మ తల్లి పేరు రాసి, కొబ్బరికాయ కొట్టినారు."

ఇక్కడికి వచ్చేసరికి లేచి నిలబడేవారు. గదిలో నవారు మంచానికి దోమతెర కోసం కట్టిన కర్రలుండేవి. భుజం మీది తువ్వాలు తీసి రెండు కర్రలకీ ముడివేసి, బుగ్గలు ఉబ్బించి ఊదేవారు. తువ్వాలు కదిలితే ఆ మొహం చూడాలి. రోజంతా కోక్ మంట ముందు నిలబడి నల్లగా మాడిన మొహం, చిన్నపిల్లాడి మొహమైపోయేది.

"అదుగో, గాలి పట్టీసినాది. తెల్లగా, సప్పుడు లేకుండా, కొండ దాటి ఎల్పోనాది."

"తర్వాత?" అన్నాను, మొదటిసారి వింటున్నాను కాబట్టి.

"తరవాతేటి? నడస్తన్నాది."

ఇంటికొచ్చేసరికి పెనం ఎర్రగా కాలి ఉంది. మా ఆయనతో, "ఆ మనిషికి అంత గట్టిగా అరవడమెందుకు, నేను పక్కనే ఉన్నాగా" అన్నాను. కోక్ ఓవెన్ల హోరులో పనిచేసి అలవాటైపోయిందిలే అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చెవిటి తల్లి కోసమేమో అని కూడా అనుకున్నాను. చాలాకాలం పట్టింది, ఆ కథ నాకోసం కాదనీ, సర్దార్జీ కోసం అంతకన్నా కాదనీ అర్థం కావడానికి. తెర వెనక అంట్లు తోముతున్న చప్పుడు "దాని పుటక" అనగానే ఆగిపోయేది. "నడస్తన్నాది" అన్నాక మళ్ళీ మొదలయ్యేది. పైడమ్మ పొద్దున్నే తల దువ్వుకుని ఇంత బొట్టు పెట్టుకునేది. దానికి ఆధారం ఆ ఒక్క మాట.

నేను వచ్చిన మూడు నాలుగేళ్ళకి అనుకుంటాను, చరోదా రైల్వే యార్డులో పనిచేసే ఒకతను పైడమ్మని మా ఇంట్లో చూశాడు. మా ఆయనకి తెలిసినవాడే, పలాస వైపు మనిషి, పైడమ్మా వాళ్ళ కులమే. భార్య పోయి ఒంటరిగా రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నాడు. నెమ్మదైనవాడు. చేసుకుంటానని మా ఆయనతో కబురు పెట్టాడు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. కాకపోతే మొగుడు పోయాడో ఉన్నాడో తేలనిదానికి ఒక పద్ధతి ఉంది. ఇంటి పెద్ద పోయాడని నోటితో అనాలి. గడ్డితో బొమ్మ చేసి, దాన్ని కాల్చి, కర్మ చెయ్యాలి. ఆ తర్వాతే పిల్ల ఎవరింటికైనా వెళ్ళొచ్చు.

పైడమ్మని పెరట్లో కూర్చోబెట్టి అడిగాను. మాడిన గిన్నెని ఇసకతో రుద్దుతూనే ఉంది.

"మనిషి మంచోడే అక్కా," అంది.

"నీకిష్టమేనా, చెప్పు."

"నా ఇష్టం ఏటున్నాది? బావగారు పోనాడంటే పోనట్టు. ఉన్నాడంటే ఉన్నట్టు. ఆయన నోట ఆ ఒక్క మాట రానీ, నాను బొట్టు తీసీస్తాను, మళ్ళీ ఎట్టుకోమంటే ఎట్టుకుంటాను." గిన్నె తలకిందులుగా బోర్లించి నన్ను చూసింది. "నాకూ ఒక ఇల్లుంటే బాగుణ్ణని ఉండదేటక్కా?"

ఆ మాట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. తెరకి వీపుపెట్టి కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. చరోదా అతని ఊరేదో, ఉద్యోగమేదో అడిగారు. ఒప్పుకుంటారనే అనుకున్నాను. వేలు తడుపుకుని కిటికీలోంచి బయటికి పెట్టి చూశారు.

"దాని పుటక ఇక్కడిది కాదు సెల్లెమ్మా," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నయ్యగారూ, నేను అడుగుతున్నది ఓడ సంగతి కాదు. పిల్ల సంగతి."

ఆయన గొంతు పెంచారు. టగ్గు, వేలం, కొండరాళ్ళు, కేన్వాసు, మూత. ఒక్క ముక్క వదల్లేదు. తువ్వాలు కట్టారు. ఊదారు. నేను చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. తెర కదల్లేదు, వెనక చిన్న చప్పుడు కూడా లేదు. "కొండ దాటి ఎల్పోనాది. నడస్తన్నాది" అని నా వైపు చూశారు. ఇంక వెళ్ళమన్నట్టు.

పైడమ్మ వెనక గుమ్మంలో ఎదురైంది. "ఇన్నావు కదక్కా," అని లోపలికి వెళ్ళిపోయింది.

చరోదా అతను సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వెళ్ళేదాకా ఆగాడు. ఆ తర్వాత ఊరెళ్ళి ఎవరినో చేసుకుని వచ్చాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. నేను మాత్రం ఓడాయన ఇంటి గడప తొక్కడం మానేశాను. ఆశ పెట్టడం పుణ్యమని ఎవరన్నారో గానీ, ఆ ఇంట్లో అది రోజూ కొంచెం కొంచెంగా ఒక మనిషిని తినేది. పైడమ్మ ముందు వేపు జుట్టు నెరిసింది. తల్లి పోయింది. ఇంట్లో ఇంక ఆయనా, తెర వెనక ఆవిడా. లైన్లో వాళ్ళు ఏమైనా అనుకుంటారని తెరని ఇంకా కిందికి, నేలకి ఆనేదాకా లాగించారు. ఆయనకి దగ్గు పట్టుకుంది. కథ మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో కథ. పాలవాడి క్యాన్లు మారాయి, సైకిలు మారింది, వాడి ప్రశ్న మారలేదు.

ఒక ఆదివారం సుపేలా బజారులో చరోదా అతను కనపడ్డాడు. సైకిలు ముందు కడ్డీ మీద కూతురు, వెనక భార్య. పిల్లకి గులాబీ రంగు గౌను, చేతిలో బుడగ. నన్ను చూసి దిగి నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం పైడమ్మ మా ఇద్దరి పెరళ్ళ మధ్య గోడ దగ్గర నిలబడితే చెప్పాను. కావాలనే గట్టిగా చెప్పాను. ఆయన ముందుగదిలో ఉన్నారని తెలుసు. ఆ ఇంట్లో మాట చేర్చే పద్ధతి నాకూ పట్టుబడింది. గౌను రంగు కూడా చెప్పాను.

మర్నాడు డ్యూటీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా మా గుమ్మంలోకి వచ్చారు. "సెల్లెమ్మా, ఓపాలి రా," అన్నారు. అంతకు ముందెప్పుడూ ఆయన కథ కోసం ఎవరినీ పిలవలేదు, వచ్చినవాళ్ళకి చెప్పేవారంతే. వెళ్ళాను. తెరకి వీపుపెట్టి కూర్చున్నారు. మొదటినుంచీ చెప్పారు. తువ్వాలు కట్టలేదు, ఊదలేదు. గొంతు మాత్రం తగ్గలేదు.

"కొండ దాటి ఎల్పోనాది," అన్నారు.

నేను లేవబోయాను.

"కూకో. ఇంకా ఉన్నాది."

కూర్చున్నాను.

"ఆ కార్తీకంలో గాలివాన కొట్టింది. సెలవెట్టి ఊరెల్లినాను. ఓడేదీ అంటే ఎవుడికీ తెలీదు. బర్మా అన్నారు. సరే అనుకున్నాను. భీమిలి ఇసకలో ఓ ముసల్ది సేపలారబెట్టుకుంటన్నాది. సెక్క మీద. గుండ్రటి సెక్క. తెల్లరంగు." అరచెయ్యి నిలబెట్టారు. "ఇంత మందం. సముద్రం ఇచ్చిందయ్యా అన్నాది ముసల్ది. ఒక మడతబందు ఇంకా దానికే యేలాడతన్నాది."

"మూతే కదా అన్నయ్యగారూ, అలకి ఊడి ఉంటుంది. అంతమాత్రాన ఓడ మునిగినట్టేనా?" ఎందుకన్నానో ఆ మాట. అన్నేళ్ళూ ఏ ఆశ మీద పళ్ళు కొరికానో దాన్నే నేనూ పట్టుకున్నాను.

"ఆ బొక్కలో మనిషి దిగొచ్చు సెల్లెమ్మా. కెరటం దిగదేటి? కింద రాళ్ళు. పైనించి నీళ్ళు." కాసేపు దగ్గారు. "వడ్రంగి సెప్పినాడు. సుట్టూ మేకులు కొట్టి తారు పోసి మూసీరా అన్నాడు. నాను కొట్టలేదు. మడతబందులేసినాను. గడియెట్టినాను. తలుపునాగ తీసుకోడానికి."

"ఎందుకు?"

"గాలితో ఎన్నాళ్ళు నడుపుతాడులే, మళ్ళీ ఇంజనెడతాడు అనుకున్నాను. అప్పుడు గొట్టానికి సోటుండాల గదా. బొగ్గేసీవోడు కావాల గదా. నన్ను పిలస్తాడనుకున్నాను."

అదీ సంగతి. భిలాయి వచ్చేముందు, తన ఉద్యోగం కోసం తలుపు తీసిపెట్టుకుని వచ్చారు ఆయన. ఆ తలుపులోంచే సముద్రం లోపలికి వచ్చింది. ఈ సంగతి తెలిసీ, ఆ మూత కళ్ళారా చూసీ, రైలెక్కి తిరిగొచ్చి, తెరకి వీపుపెట్టి కూర్చుని, నడస్తన్నాది అన్నారు. చరోదా అతను అడిగిన రోజు కూడా అన్నారు. నాకు తిట్టాలనిపించింది, కాళ్ళమీద పడి ఏడవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు.

తెర పక్కకి జరిగింది. పైడమ్మ ఇవతలికి వచ్చి నిలబడింది. ఆ ఇంట్లో అన్నేళ్ళలో ఆయన ఉన్న గదిలోకి రావడం అదే మొదలు. చేతులు తడిగా ఉన్నాయి. ఆయన వెనక్కి తిరగలేదు, తల ఇంకా వంచుకున్నారు.

"మూత అప్పుడే బిగించీవలసింది బావగారూ," అంది.

అరవలేదు. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నీతో సెప్పడానికి నాకు వావి లేకపోనాది తల్లీ," అన్నారాయన గోడకేసి చూస్తూ.

"నాకూ అడగడానికి లేకపోనాది," అని లోపలికి వెళ్ళింది. మళ్ళీ అంట్ల చప్పుడు మొదలైంది.

తర్వాత జరగవలసినవి జరిగాయి. శివనాథ్ నది ఒడ్డున గడ్డిబొమ్మని కాల్చారు. ఆయనే కాల్చారు, తమ్ముడికి ఇంకెవరూ లేరు కనక. ఒడ్డునే కూర్చుని, చెయ్యి పట్టి లేపేదాకా లేవలేదు. మళ్ళీ ఓడ మాట ఎత్తగా వినలేదు. రెండు వానాకాలాలు కూడా బతకలేదు. ఆ క్వార్టర్ ఇప్పుడు వేరేవాళ్ళకిచ్చారు. పైడమ్మ కోహ్కాలో ఒక గది తీసుకుని, అప్పడాలు వత్తి కొట్లకి వేస్తోంది. ఇప్పుడైనా ఎవరినైనా చూడనా అని ఒకసారి నోరు జారాను. "ఇప్పుడేటక్కా," అని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంకెప్పుడూ అడగలేదు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మర్నాటి పొద్దు. తెర పక్కకి జరిగిన మర్నాడు. ఆయన అలవాటుగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వేలు ఎత్తలేదు. పైడమ్మ పాలగిన్నెతో ఆయన్ని దాటుకుని, నెత్తిన కొంగు కూడా లేకుండా మెట్లు దిగింది. బొట్టు లేదు. ఎవరూ తీయించకుండానే కడిగేసుకుంది. నేను మా మెట్ల మీద నా గిన్నెతో ఉన్నాను.

పాలవాడు సైకిలు ఆపి, గంట కొట్టి, ఎప్పటిలాగే ఆయనకేసి చూసి నవ్వాడు. "క్యా బాబా, జహాజ్ ఆయా?"

ఆయన నోరు తెరిచారు.

"డూబ్ గయా, భయ్యా," అంది పైడమ్మ. మునిగిపోయిందని తెలుగులో ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనలేకపోయారు. పాలవాడితో హిందీలో అనడానికి అడ్డమేముంది?

వాడి నవ్వు ఆగిపోయింది. "కబ్, దీదీ?" అన్నాడు. ఎప్పుడక్కా అని.

"బహుత్ పహలే," అని గిన్నె ముందుకు పట్టింది. చాలా కాలమైందని.

వాడు కొలతకి మించి ఇంకొంచెం పాలు పోశాడు.